ఓడ ఎక్కే రోజు: 4 ఏళ్ల పాప, 20 నెలల బాబుతో ఏది ముందు, ఏది తర్వాత?

తెరచాప

నమస్కారం అండీ. మాకిదే మొదటి క్రూయిజ్. పెద్దవాళ్లం ఇద్దరం, 4 ఏళ్ల పాప, 20 నెలల బాబు. బాబుకి డైపర్ ఇంకా మానిపించలేదు. బాల్కనీ క్యాబిన్, 5 రాత్రులు, ఓడ సాయంత్రం 5కి బయలుదేరుతుంది. ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో టెర్మినల్‌కి ఎన్నింటికి వస్తారో స్లాట్ ఎంచుకోమంటోంది. 10:30 నుంచి 2:30 దాకా అన్నీ ఖాళీగానే ఉన్నాయి. బాబు రోజూ ఒంటిగంట నుంచి 3 దాకా పడుకుంటాడు. అది తప్పితే సాయంత్రమంతా పేచీయే.

ఏ స్లాట్ తీసుకోవాలి? చేతి సంచిలో ఏమేం ఉండాలి? స్విమ్ డైపర్ వేస్తే బాబుని పూల్‌లో దింపనిస్తారా? సేఫ్టీ డ్రిల్‌కి పసిపిల్లలు కూడా రావాలా? రాత్రి నిద్ర సంగతేంటి? తర్వాతి రోజులు ఎలాగో చూసుకుంటాం, ముందు ఈ ఒక్క రోజు గట్టెక్కాలి.

లంగరు

11:30 స్లాట్ తీసుకోండి. ఆ రోజంతా బాబు నిద్ర మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి లెక్క అక్కణ్ణుంచే మొదలుపెడదాం. పొద్దున దిగిపోయిన వాళ్ల గదులు శుభ్రం చెయ్యాలి గనక చాలా ఓడల్లో ఒంటిగంట, ఒంటిగంటన్నర దాకా క్యాబిన్లు తెరవరు. 11:30కి టెర్మినల్‌లో అడుగుపెడితే సెక్యూరిటీ, పాస్‌పోర్టులు, ఓడలో వాడే గుర్తింపు కార్డుకి ఫొటోలు అన్నీ అయ్యి మామూలుగా 12:15 ప్రాంతంలో ఓడలో ఉంటారు. పిల్లలకి తినిపించేసరికి గదులు తెరిచామని అనౌన్స్‌మెంట్ వస్తుంది. బాబు కాస్త అటూ ఇటూగా తన టైముకే మంచమెక్కుతాడు. 10:30కే వెళ్తే గది చేతికొచ్చేదాకా రెండు గంటలు వాణ్ణి చంకనేసుకుని డెక్కుల మీద తిరగాలి.

ఓడ 5కి అంటే గేటు 5 దాకా తీసి ఉంచరు. గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ప్రయాణికుల తుది జాబితా అధికారులకు ముందే చేరాలి. అమెరికా రేవుల్లో అయితే బయలుదేరడానికి 60 నిమిషాల ముందు పంపాలన్నది నియమం. జాబితా వెళ్లిపోయాక బతిమాలినా లాభం లేదు.

మధ్యాహ్నం భోజనానికి అందరూ పై డెక్‌లో బఫే మీద పడతారు. కొన్ని ఓడల్లో మొదటి రోజు మధ్యాహ్నం మెయిన్ డైనింగ్ రూమ్ కూడా తెరుస్తారు. క్రూయిజ్ కంపెనీ యాప్‌లో చూడండి, తెరిచి ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. కూర్చున్న చోటికే తెచ్చిపెడతారు, హై చైర్ ఇస్తారు, ఒక చేత్తో ట్రే, ఇంకో చేత్తో పిల్లాడు అనే సర్కస్ తప్పుతుంది.

ఇక సామాను. పెద్ద పెట్టెలు టెర్మినల్ బయటే పోర్టర్లు తీసుకుంటారు. క్యాబిన్ నంబరున్న ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసి, పట్టీకి చుట్టి, స్టేపుల్ చేసి, పైన మొత్తం వెడల్పు టేపుతో కప్పేయండి. ఉత్త స్టేపుల్‌తో వదిలేస్తే బెల్టుల మీద పెట్టెలు ఒరుసుకున్నప్పుడు కాగితం చిరుగుతుంది. ట్యాగు పోయిన పెట్టె ఎవరిదో తేలక కింద డెక్‌లో ఉండిపోతుంది. అందుకే ప్రతి పెట్టె లోపల, తెరవగానే కనిపించేలా, పేరూ క్యాబిన్ నంబరూ రాసిన కాగితం ఒకటి పెట్టండి.

ఈ పెట్టెలు మీ తలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం 6 కావచ్చు, రాత్రి 8 దాటినా దాటచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఈత బట్టలు, రాత్రి బట్టలు, డైపర్లు అన్నీ పెద్ద పెట్టెలో సర్దేసి, ఖాళీ క్యాబిన్‌లో తడి బట్టల పిల్లాడితో కూర్చుంటారు. కాబట్టి చేతి సంచి అంటే రేపు పొద్దున దాకా సరిపడే సంచి అనుకోండి. మీ లెక్కన: డైపర్లు 8, వైప్స్ ఒక నిండు ప్యాకెట్, పిల్లలిద్దరికీ రెండేసి జతల బట్టలు, రాత్రి బట్టలు, ఈత బట్టలు, తడి బట్టలకి జిప్ కవర్లు రెండు మూడు. బాబు పొడిపాలు తాగుతుంటే ఒక రోజుకి సరిపడా. మందులు మటుకు అన్నీ చేతిలోనే: థర్మామీటర్, డాక్టరు చెప్పిన జ్వరం సిరప్, దాన్ని కొలిచే సిరంజి. పిల్లలు పక్కలో పెట్టుకునే బొమ్మో దుప్పటో ఉంటే అది అన్నిటికన్నా ముందు. సంచి వీపుకి తగిలించుకునేది తీసుకోండి. ఒక చెయ్యి స్ట్రోలర్‌కి, ఒక చెయ్యి పాపకి కావాలి, చక్రాల పెట్టె లాగడానికి మూడో చెయ్యి లేదు.

పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాసులు సంచి అడుగున కాకుండా విడిగా ఒక చిన్న పర్సులో. టెర్మినల్‌లో కనీసం మూడు చోట్ల చూపించాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం, నోటరీ చేయించి, వెంట ఉంచుకోవాలి. మీ విషయంలో అక్కర్లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా.

పెట్టె రాకపోవడానికి ఇంకో కారణం నిషేధించిన వస్తువులు. ఇస్త్రీపెట్టె, కెటిల్, పాలసీసా వేడిచేసే మిషన్ లాంటివి ఎక్స్‌రేలో కనబడితే పెట్టె ఆపేసి మిమ్మల్ని సెక్యూరిటీ గదికి పిలుస్తారు. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి ఉన్నట్టుండి పెరిగితే కాపాడేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా ఇందులోకే వస్తుంది. ఓడ కరెంటులో ఇంట్లోలా న్యూట్రల్‌ని ఎర్త్ చెయ్యరు, రెండు తీగల్లోనూ వోల్టేజి ఉంటుంది. ఇంటి సర్జ్ ప్రొటెక్టర్ తెంపేది ఒక తీగనే. దాంతో అది వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. సర్జ్ లేని మామూలు యూఎస్‌బీ చార్జర్ ఒకటి, నాలుగు పోర్టులది, చాలు.

పన్నెండో డెక్

లంగరు గారు చెప్పినవన్నీ సరే గానీ, స్లాట్ విషయంలో నేను ఒప్పుకోను. 11 నుంచి 12:30 మధ్య టెర్మినల్ కిటకిటలాడుతుంది. అదే 1:30 తర్వాత వెళ్తే క్యూ సగం కూడా ఉండదు, ఎక్కగానే గది సిద్ధంగా ఉంటుంది. బాబు కారులోనో స్ట్రోలర్‌లోనో నిద్రపోయే రకమైతే 1:30 స్లాట్ తీసుకుని ఆ నిద్ర దారిలోనే కానివ్వండి. కదలని మంచం ఉంటేగానీ కన్నుముయ్యని రకమైతే అప్పుడు 11:30. పిల్లాణ్ణి బట్టి స్లాట్.

స్ట్రోలర్ మడతపెట్టేదే తీసుకెళ్లండి, వెడల్పు ముందే టేపుతో కొలవండి. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో సుమారు 22, 23 అంగుళాలే. ఇద్దరు పక్కపక్కన కూర్చునే స్ట్రోలర్ లోపలికి దూరదు. కారిడార్‌లో వదిలేద్దామంటే కుదరదు, అగ్నిప్రమాదం జరిగితే జనం పరిగెత్తే దారి అది. మడిచి మంచం కిందో, తలుపు వెనకో పెట్టుకోవాల్సిందే.

ఆ రోజు ఓడ మధ్యభాగంలోని లిఫ్టులు ఎప్పుడూ నిండే వస్తాయి. ముందు వైపు గానీ వెనక వైపు గానీ లిఫ్టుల దగ్గరికి నడవండి, కాస్త దూరమైనా త్వరగా దొరుకుతాయి.

బుడిబుడి అడుగులు

ఓడ ఎక్కగానే ఇద్దరూ కలిసి తిరగకండి. ఒకరు పిల్లలకి తినిపిస్తుంటే ఇంకొకరు నర్సరీ డెస్క్‌కి వెళ్లాలి. తర్వాత వెళ్దాంలే అనుకుంటే పోయేది ఇదొక్కటే.

కిడ్స్ క్లబ్ చాలా కంపెనీల్లో 3 ఏళ్లు నిండి, డైపర్ పూర్తిగా మానేసిన పిల్లలకి. పుల్-అప్ (చెడ్డీలా తొడిగే డైపర్) వేసి పంపినా తీసుకోరు, అక్కడి సిబ్బంది డైపర్లు మార్చరు. అంటే పాపకి సరే, బాబుకి కుదరదు. బాబు లాంటి వాళ్ల కోసం కొన్ని ఓడల్లో విడిగా నర్సరీ ఉంటుంది, సాధారణంగా 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు. గంటకి ఇంత అని తీసుకుంటారు. మంచాలూ ఆయాలూ లెక్క ప్రకారమే ఉంటారు గనక సీట్లు చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకునే వీలుంటే ఇప్పుడే చెయ్యండి. లేకపోతే ఎక్కిన గంటలోపు ఆ డెస్క్ దగ్గర ఉండాలి. రోజూ పొద్దున అడగడం కన్నా 5 రాత్రులకీ కలిపి ఏ పూట కావాలో కాగితం మీద రాసుకెళ్లి ఒకేసారి అడగండి. అన్నీ ఇవ్వకపోయినా రెండు పూటలు దొరుకుతాయి.

పాపకి కిడ్స్ క్లబ్‌లో మధ్యాహ్నం ఓపెన్ హౌస్ ఉంటుంది. ఆ గంటా రెండు గంటలు తల్లిదండ్రులూ లోపలికి వెళ్లచ్చు. రిజిస్ట్రేషన్‌లో అడిగేవి: అలర్జీలు, మందులు, ఎవరెవరు తీసుకెళ్లచ్చు, పాస్‌వర్డ్ ఏమిటి. పాస్‌వర్డ్ ఇద్దరికీ గుర్తుండేది పెట్టండి. మర్చిపోతే పాపని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఫారం నింపుతున్నంతసేపూ పాపని లోపల ఆడుకోనివ్వండి. రాత్రి అసలు ప్రోగ్రాం మొదలయ్యేసరికి ఆ గది, ఆ మొహాలు తెలిసినవై ఉంటాయి. చూడని చోట రాత్రి 7కి మొదటిసారి వదిలితే నాలుగేళ్ల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది, అందులో వింతేమీ లేదు. మొదటి పూట 45 నిమిషాలు చాలు. బాగా ఆడుకుంటోంది కదా అని రెండు గంటలు వదిలితే అలిసిపోయి బయటికొస్తుంది, మర్నాడు పేరెత్తితేనే మొండికేస్తుంది.

డిన్నర్ విషయం. రెండు సిట్టింగులుంటే ముందుది, 5:30-6 ప్రాంతంలోది తీసుకోండి. రెండోది 8 దరిదాపుల్లో మొదలవుతుంది, పిల్లలకి అది నిద్ర టైము. మీకు రెండోది పడి ఉంటే మధ్యాహ్నమే డైనింగ్ రూమ్ దగ్గర మార్పులు చూసే వాళ్లని కలవండి. అలర్జీలుంటే బుకింగ్‌లో రాశాం కదా అని ఊరుకోకుండా హెడ్ వెయిటర్‌తో నోటితో చెప్పండి. మొదటి రాత్రి చెబితే రెండో రాత్రి నుంచి ముందు రోజే మెనూ తెచ్చి చూపిస్తారు. నా లెక్కలో మొదటి రాత్రి డైనింగ్ రూమ్ మానేసినా నష్టం లేదు. వెయిటర్లకీ కొత్త టేబుళ్లు కాబట్టి భోజనం గంటన్నర పైనే సాగుతుంది. 20 నెలల వాడు అరగంటే కూర్చుంటాడు.

ఉప్పుగాలి

పూల్ సంగతి ముందు చెప్పేస్తా: వద్దంటారు. స్విమ్ డైపర్ వేసినా వద్దంటారు. విదేశాల నుంచి అమెరికా రేవులకు వచ్చే క్రూయిజ్ ఓడల్ని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేస్తుంది. డైపర్ వాడే పిల్లల్ని మామూలు పూల్‌లోకి దింపకూడదన్నది వాళ్ల నియమం. మిగతా చోట్ల కూడా చాలా కంపెనీలు ఇదే పాటిస్తాయి. స్విమ్ డైపర్ గట్టి పదార్థాన్ని పట్టుకుంటుంది గానీ క్రిముల్ని పట్టుకోలేదు, నీళ్లు అందులోంచి వస్తూ పోతూనే ఉంటాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ కలిపిన నీళ్లలోనూ వారం పైనే బతుకుతుంది. పిల్లాడు ఒక్కడు పూల్ పాడుచేస్తే పూల్ మూసి శుభ్రం చెయ్యాలి, ఓడంతా మిమ్మల్నే చూస్తుంది.

కొన్ని ఓడల్లో డైపర్ పిల్లల కోసం విడిగా నీళ్లు శుద్ధి చేసే చిన్న స్ప్లాష్ ఏరియా ఉంటుంది. మీ ఓడలో ఉందో లేదో బోర్డింగ్‌కి ముందే చూసుకోండి. ఉంటే స్విమ్ డైపర్లు రోజుకి 3 లెక్కన తీసుకెళ్లండి. లేకపోతే బాబు ఎదురుగా పాపని పూల్‌లో దింపి వాణ్ణి ఒడ్డున ఆపడం నరకం. ఒకరు బాబుని ఆ డెక్‌కే తీసుకురాకుండా ఉండటం మేలు.

పాపకి: లైఫ్‌గార్డ్ అన్ని ఓడల్లోనూ ఉండడు. ఉన్నా చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో మీరుండాలి. పూల్ జాకెట్లు ఓడలో కొన్ని ఉంటాయి, సైజు దొరకచ్చు, దొరక్కపోవచ్చు. సరిపడేది ఇంటి నుంచి తెచ్చుకోండి. చేతులకి తొడిగే గాలి బుడగలు జారిపోతాయి, వాటిని నమ్మకండి. హాట్ టబ్‌లో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకూడదు, వాళ్ల ఒళ్లు మనకన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. వాటర్ స్లైడ్లకి ఎత్తు కొలత ఉంటుంది, వరసలో నిలబెట్టే ముందే పాపని ఆ కర్ర పక్కన నిలబెట్టి చూడండి. అరగంట నిలబడ్డాక వెనక్కి పంపిస్తే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

తల తిరుగుడు, వాంతులు: 2 ఏళ్ల లోపు పిల్లలకి ఇది అరుదు. 2 నుంచి 12 మధ్య వాళ్లకే ఎక్కువ. అంటే మీ పిల్లలిద్దరిలో చూసుకోవాల్సింది పాపని. డైమెన్‌హైడ్రినేట్ లాంటి మందు 2 ఏళ్లు దాటిన పిల్లలకి వాడతారు, మోతాదు బరువునీ వయసునీ బట్టి మీ పిల్లల డాక్టరే రాయాలి. ఓడ కదలడానికి అరగంట, గంట ముందు ఇస్తేనే పనిచేస్తుంది, వాంతి మొదలయ్యాక ఇస్తే కడుపులో నిలవదు. కొందరు పిల్లలకి దీంతో నిద్ర బదులు గంతులెయ్యడం మొదలవుతుంది, అందుకని డాక్టరుని అడిగి ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ ప్యాచ్ పెద్దవాళ్లది, పిల్లలకి వాడకూడదు. పాప ఉన్నట్టుండి మాట్లాడటం మానేసి, ఆవులిస్తూ, మొహం పాలిపోతే అదే మొదటి గుర్తు. వెంటనే ఓడ మధ్యభాగంలో బయటి డెక్‌కి తీసుకెళ్లి దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతని చూపించండి. ఆ టైములో టాబ్లెట్‌లో బొమ్మలు చూపిస్తే ఇంకా ఎక్కువవుతుంది.

చేతులు: బఫే గుమ్మంలో శానిటైజర్ చల్లుతారు. చల్లించుకోండి, కానీ దాన్ని నమ్ముకోకండి. ఓడల్లో కడుపు చెడగొట్టే నోరోవైరస్ మీద ఆల్కహాల్ అంతగా పనిచెయ్యదు. సబ్బుతో 20 సెకన్లు, తినే ముందు ప్రతిసారీ. లిఫ్టు బటన్లు నొక్కే సరదా పాపకి ఎలాగూ ఉంటుంది, దాని తర్వాత కూడా.

యాంటీబయాటిక్ సిరప్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాల్సి వస్తే క్యాబిన్‌లో ఉన్న చిన్న ఫ్రిజ్ మీద ఆధారపడకండి, చాలా చోట్ల అది డ్రింకులు చల్లబరిచే పెట్టె మాత్రమే. గెస్ట్ సర్వీసెస్‌ని మందుల ఫ్రిజ్ అడగండి.

తెరచాప

చాలా థాంక్సండీ. బాబు మంచం మీదే పడుకునే రకం, కాబట్టి 11:30 ఖాయం చేశా. ఇంకా రెండు సందేహాలు. డ్రిల్ టైముకి బాబు నిద్రలో ఉంటే లేపాలా? మాలో ఒకరు ఆగిపోయి రెండోవారు వెళ్తే సరిపోదా? రెండోది: మాకు క్యాబిన్‌లో లైఫ్ జాకెట్లు పెడతారట, అవి పిల్లలవేనో కాదో ఎలా తెలుస్తుంది?

లంగరు

సరిపోదు. పసిపిల్లలతో సహా అందరి హాజరూ పడాలి. పడని వాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు, క్యాబిన్‌కి మనుషుల్ని పంపుతారు. ఈ కచ్చితం ఎందుకంటే, 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఇటలీలో జిల్యో దీవి దగ్గర రాయికి గుద్దుకున్నప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకి ఇంకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే చాలని అప్పటి నియమం. ఆ రాత్రి 32 మంది పోయారు. తర్వాత సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందాన్ని సవరించారు, 2015 జనవరి 1 నుంచి ఓడ బయలుదేరక ముందో, బయలుదేరిన వెంటనేనో జరపాల్సిందే.

అయితే మీరు భయపడినంత కష్టం ఉండకపోవచ్చు. ఇప్పుడు చాలా కంపెనీల్లో అందర్నీ ఒకేసారి గంట నిలబెట్టడం లేదు. యాప్‌లోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూసి, మీకిచ్చిన అసెంబ్లీ స్టేషన్‌కి (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) మీ వీలు చూసుకుని వెళ్తే కార్డులు స్కాన్ చేస్తారు. స్టేషన్ నంబరు కార్డు మీద ఉంటుంది. భోజనం అయ్యాక, గదికి వెళ్లే దారిలో, బాబు మెలకువగా ఉండగానే నలుగురూ వెళ్లి ముగించెయ్యండి. పది నిమిషాల పని. పాత పద్ధతిలోనే అందర్నీ ఒకేసారి పిలిచే ఓడైతే టైము ముందే తెలుస్తుంది, నిద్రలో ఉన్నా ఎత్తుకుని తీసుకెళ్లాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, అదీ సైరన్. పాపకి ముందే నోటితో ఊది వినిపించండి, ఆటలా ఉంటుంది. బాబుకి చెవులు కప్పే ఇయర్ మఫ్ ఉంటే మంచిది. సాయంత్రం ఓడ కదిలేటప్పుడు కొట్టే హారన్‌కి కూడా అది పనికొస్తుంది.

లైఫ్ జాకెట్: క్యాబిన్‌లో పెద్దవాళ్లవే ఉండచ్చు, లేదా జాకెట్లన్నీ స్టేషన్ దగ్గరే ఉండచ్చు. అంతర్జాతీయ ప్రమాణంలో మూడు సైజులు: 15 కిలోల లోపు, 100 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉంటే శిశువులది, 15 నుంచి 43 కిలోల మధ్య, 155 సెంటీమీటర్ల లోపు అయితే పిల్లలది, ఆపైన పెద్దలది. ఏ సైజుదో జాకెట్ మీదే రాసి ఉంటుంది. బాబుది శిశువుల సైజు, అందులో అనుమానం లేదు. పాప 4 ఏళ్ల వయసుకి సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది, వెళ్లే ముందు వారం ఇంట్లో ఒకసారి బరువూ ఎత్తూ చూసి రాసుకోండి. మీ గది చూసుకునే క్యాబిన్ స్టూవర్డ్ కనిపించగానే "15 కిలోల లోపుది ఒకటి, పైది ఒకటి" అని అడిగితే సరి. పిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే దాన్ని కట్టి తీరాలి. కట్టకపోతే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు.

ఇంకొకటి అడగండి: పాప కిడ్స్ క్లబ్‌లో ఉండగా సైరన్ మోగితే ఆమెని సిబ్బంది మీ స్టేషన్‌కి తీసుకొస్తారా, మీరే వెళ్లి తెచ్చుకోవాలా? ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఇందుకోసమే పిల్లల చేతికి స్టేషన్ నంబరున్న బ్యాండ్ వేస్తారు. స్నానానికి కూడా తియ్యకండి. తప్పిపోయినా ఆ బ్యాండే దారి చూపిస్తుంది. ఆ రోజు వేసిన బట్టల్లో ఇద్దరికీ పొద్దున్నే ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఫోన్లు ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సముద్రంలో ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్‌కి అతుక్కుని బిల్లు పేలిపోతుంది.

బుడిబుడి అడుగులు

రాత్రి సంగతి మిగిలిపోయింది. బాబుకి క్రిబ్ (చుట్టూ కటకటాలున్న పసిపిల్లల మంచం) కావాలని బుకింగ్‌లో రాశారా? రాయకపోతే ఇవాళే రాయండి, ఓడలో కొన్నే ఉంటాయి. గది తెరవగానే క్రిబ్ వచ్చిందో లేదో చూసి, రాకపోతే అప్పుడే స్టూవర్డ్‌కి చెప్పండి. మధ్యాహ్నం నిద్రకే అది కావాలి. క్రిబ్ బాల్కనీ తలుపు పక్కనా, కర్టెన్ తాళ్లు అందేలా వద్దు. గది తలుపుకి అడ్డంగా అసలే వద్దు. పాపకి సోఫా బెడ్ వేయించండి. పై బెర్త్ చూసి అక్కడే పడుకుంటానంటుంది, ఒప్పుకోకండి. స్టూవర్డ్‌ని ఆ బెర్త్ పైకి మడిచి తాళం వెయ్యమనండి, కనిపించకపోతే గొడవే లేదు.

గదిలోకి వెళ్లగానే సర్దడం మొదలుపెట్టకుండా పాప ఎత్తుకి వంగి ఒకసారి చుట్టూ చూడండి. గది తలుపు దానంతటదే మూసుకునే బరువైన తలుపు, వేళ్లు నలిగేది కీలు వైపు సందులో. బాత్రూమ్ గుమ్మం దగ్గర లేచి ఉన్న మెట్టుకి బాబు మొదటి రోజే రెండుసార్లన్నా తట్టుకుంటాడు, మడిచిన టవల్ ఒకటి అక్కడ వేసి ఉంచండి. బాల్కనీలో కుర్చీలు, టేబుల్ రెయిలింగ్‌కి దూరంగా గోడ వైపు జరపండి, ఎక్కి నిలబడటానికి అవే మెట్లవుతాయి. బాల్కనీ తలుపు పై గడియ ఎప్పుడూ వేసే ఉంచాలి. అది తీసి ఉండగా కారిడార్ తలుపు తెరిస్తే గాలి సొరంగంలా లాగి రెండిట్లో ఒకటి ధడాలున కొట్టుకుంటుంది. ఒకటి మూశాకే రెండోది తెరవడం ఇద్దరూ అలవాటు చేసుకోండి.

చాలా ఓడల్లో క్యాబిన్ గోడలు లోహంవే, అయస్కాంతం కొక్కేలు నాలుగైదు తీసుకెళ్తే తడి బట్టలు, టోపీలు, సంచి అన్నీ బాబుకి అందని ఎత్తులో వేలాడతాయి. బాత్‌టబ్ చాలా గదుల్లో ఉండదు, షవరే. షవరంటే భయపడే పిల్లాడైతే గాలి ఊదే చిన్న టబ్ ఒకటి పెట్టుకోండి.

బాల్కనీ కర్టెన్లు పూర్తిగా మూస్తే గది చిమ్మచీకటి. అర్ధరాత్రి లేచిన పిల్లకి ఎక్కడుందో అర్థంకాక కెవ్వుమంటుంది. బ్యాటరీతో పనిచేసే చిన్న నైట్ ల్యాంప్ చాలు. ఇంజను గుర్రుమనే చప్పుడు, గోడల కిర్రుకిర్రులు గంటలో అలవాటవుతాయి, చాలామంది పిల్లలు ఆ ఊపుకి ఇంట్లో కన్నా బాగా పడుకుంటారు.

టాయిలెట్ గురించి ఎవరూ చెప్పలేదు. ఓడలో వ్యాక్యూమ్ టాయిలెట్, ఫ్లష్ చేస్తే ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో లాగుతుంది. పాపని కూర్చోబెట్టి ఉండగా ఎప్పుడూ నొక్కకండి. దింపి, మూత వేసి, "మూడు లెక్కపెడదాం" అని చెప్పి నొక్కండి. ఒక్కసారి జడుసుకుంటే ఐదు రోజులూ బాత్రూమ్‌లోకి రానంటుంది, అప్పుడు డైపర్ మానేసిన పిల్లకి మళ్లీ డైపర్. అందులో వైప్ ఒక్కటి వేసినా మీ ఒక్క గదే కాదు, ఆ గొట్టం మీదున్న గదులన్నీ ఆగిపోతాయి. డైపర్లు వెయ్యడానికి మూత ఉన్న డబ్బా కావాలని స్టూవర్డ్‌ని అడగండి, లేదంటే ఒక్కో డైపర్‌కి ఒక కవర్ చొప్పున చిన్న కవర్లు 40 లెక్కపెట్టి తెచ్చుకోండి.